ఉన్నా అన్న మాట

చప్పట్లు మళ్లీ మోగాయి. ఎందుకు కొట్టారో కొట్టినవాళ్లకే తెలియదు, ఆ సంగతి అక్క బల్లగుద్ది చెప్పగలదు. పక్క హాల్లో ఎవరో పిల్ల నేల మీద పల్టీ కొట్టి ఒక అడుగు పక్కకి తూలి ఉంటుంది, తూలినా రెండు చేతులూ పైకెత్తి పళ్లికిలించి ఉంటుంది, అంతే, వీళ్లకి అది చాలు. నిలబడిందా లేదా అని కాదు, నవ్విందా లేదా అని చూసే జనం. తల్లులందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉంటారు, కన్నకూతుర్ని కళ్లతో చూడ్డం ఎప్పుడో మానేశారు, చూసేదంతా ఆ అరచేతంత అద్దంలోనే. ఇటువైపు వార్మప్ హాల్లో, పిల్లలు దూకడానికి వాడే చెక్కపెట్టె మీద గోడకి జారగిలబడి కూర్చుని, అక్క ఇదంతా చూడకుండానే చూస్తోంది. అక్క అంటే నిజానికి ఎవరికీ అక్క కాదు. నలభై ఒక్కేళ్ల మనిషి, ఈ పిల్లలకి జిమ్నాస్టిక్స్ నేర్పే కోచ్. పిల్లలు అక్కా అంటారు, పిల్లల తల్లులూ అక్కా అంటారు, హాలు ఊడ్చే ముసలావిడ కూడా అక్కా అనే అంటుంది. ఒకసారి ఎవరో తాతగారు మనవరాల్ని చేర్పించడానికొచ్చి, అక్కగారూ అని గార్లు కూడా తగిలించాడు. ఇంకో గంటలో మిడత వంతు, పదమూడో నంబరు. ఆ గంట ఎలా గడపాలో అక్కకి తెలియడం లేదు, అందుకని అందర్నీ తిట్టుకుంటోంది.

కుడిచెయ్యి ఒళ్లో పడుకుని ఉంది. పడుకుని ఉంది అనే అనాలి, ఆ చెయ్యి అక్క మాట వినడం మానేసి మూడు నెలలైంది. భుజం దాకా లేస్తుంది, ఆ పైన లోపల్నుంచి ఎవరో పట్టుకుని లాగినట్టు ఆగిపోతుంది. జడ ఎడమచేత్తోనే, అల్మరా పై అర ఎడమచేత్తోనే. డాక్టరు స్కానింగ్ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, లోపల కండ చిరిగిందమ్మా, ఆపరేషన్ చేయించుకోండి, ఆర్నెల్లు ఏమీ ఎత్తకూడదు అని చెప్పేసి, ఆ తర్వాత అడిగాడు, మీరేం చేస్తుంటారని. ముందు తీర్పు, తర్వాత విచారణ. పిల్లల్ని పట్టుకుంటాను అంది అక్క. ఆయానా అన్నాడు ఆ మహానుభావుడు. నవ్వాలో చెంప మీద ఒకటివ్వాలో తెలియక బయటికొచ్చేసింది, ఇవ్వడానికి మాత్రం చెయ్యేదీ. ఆ సంగతి డాక్టరుకి తెలుసు, అక్కకి తెలుసు. మూడో మనిషికి తెలియదు. ముఖ్యంగా మిడతకి తెలియదు, తెలియాల్సింది ఆ పిల్లకే, ఎందుకంటే రోజూ ఆ చెయ్యి కిందే అది గాల్లోకి ఎగురుతోంది.

పద్నాలుగేళ్ల పిల్ల, ఒళ్లంతా కాళ్లే, అందుకే మిడత. హాల్లో అందరూ 'వదులు' అని పిలిచే విద్య ఒకటుంది. ఎనిమిదడుగుల ఎత్తున పై కడ్డీ పట్టుకుని గుండ్రంగా తిరిగి తిరిగి, ఊపు అందగానే రెండు చేతులూ వదిలేసి, కడ్డీ మీదుగా వెనక్కి ఎగిరి, మళ్లీ అదే కడ్డీని పట్టుకోవాలి. రూల్సు పుస్తకంలో దానికి నోరు తిరగని పేరేదో ఉంది, ఆ పుస్తకం రాసినవాళ్లు ఎన్నడూ దేన్నీ వదిలి ఉండరు. కింద ఒక మనిషి నిలబడాలి, పిల్ల కడ్డీ తప్పితే వీపు కింద చెయ్యి పెట్టి మెడ విరక్కుండా తిప్పి దింపాలి. ఆ నిలబడ్డ మనిషి, పిల్ల చివరి చుట్టులో ఉండగా, 'ఉన్నా' అనాలి. అది వినపడితేనే పిల్ల వదులుతుంది, వినపడకపోతే వదలదు. ఈ హాల్లో అదే రివాజు, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అక్కకి తెలుసు. ఒకప్పుడు ఇక్కడే తనకి నేర్పిన మాస్టారు పెట్టాడు. మూడు నెలలుగా అక్క రోజుకి ముప్ఫైసార్లు 'ఉన్నా', 'ఉన్నా' అంటూనే ఉంది. నిలబడి ఉంది నిజమే. చెయ్యి మాత్రం లేదు.

చెప్పొచ్చుగా. ఎవరికి చెప్పాలి, ఈలాయనకా? అదుగో, అటు మూల, మెడలో ఈల వేలాడేసుకుని, పొద్దున్నించీ ఊదుతూనే ఉన్నాడు. హాల్లో ఇంకో కోచ్. పిల్ల నిలబడితే ఈల, కూర్చుంటే ఈల, మంచినీళ్లు తాగడానికి కూడా ఈల. ఆ మనిషి ఇంట్లో భార్యని కూడా అలాగే పిలుస్తాడేమో. పిల్లలు వరసగా పది గెంతులు గెంతితే వీడియో తీసి, కింద 'ఎగిరే డేగలు' అని రాసి పెడతాడు. డేగలట. పావురాలు కూడా కావు. కాళ్ల వేళ్లు ముడుచుకుని, మోకాళ్లు వంచుకుని, వంటింట్లోంచి తరిమిన కోళ్లలా ఎగురుతాయి అవి. కానీ పడే పిల్లల్ని పట్టుకుంటాడు. అది మాత్రం ఒప్పుకోవాలి. తొమ్మిదేళ్లలో ఈలాయన చేతుల్లోంచి ఒక్క పిల్ల కూడా జారి పడలేదు. అదేం గొప్ప, గోడకి చేతులు మొలిపిస్తే గోడ కూడా పట్టుకుంటుంది, అనుకుంది అక్క, అనుకుని మళ్లీ తన కుడిచేతి వైపు చూసుకుంది. భుజం సంగతి బయటపెట్టిన మర్నాడే మిడతని ఆయన గుంపులో కలిపేస్తారు. మిడతకి కూడా డేగ అని పేరు పెడతాడు. తొమ్మిదేళ్లలో అక్క చేతికి దొరికిన ఒకే ఒక్క అసలైన పిల్ల. ఈ రోజు వదులు కుదిరిందంటే రాష్ట్ర జట్టులోకి వెళ్తుంది, అది జట్టులోకి వెళ్లాక భుజం కోయించుకోవచ్చు, ఆర్నెల్లు కాకపోతే ఏడాది పడుకోవచ్చు, ఒక్క ఈ రోజు గడిస్తే చాలు అని మూడు నెలలుగా ప్రతి రోజూ అనుకుంటూనే ఉంది.

మిడత కింద పరుపు మీద కూర్చుని అరచేతులకి తోలు పట్టీలు బిగించుకుంటోంది, ఒక కొస పళ్లతో పట్టుకుని లాగుతోంది. సుద్ద పొడి ముక్కు మీద కూడా అంటింది. నోట్లో తోలు పెట్టుకుని ఏదో పాట కూనిరాగం తీస్తోంది. దీనికి భయం లేదా? లేదు, భయం ఎందుకుంటుంది, కింద అక్క ఉందిగా.

మైకులో ఎవరో గొంతు సవరించుకుని, మన హాలు గర్వించదగిన గురువుగారు, ఎందరో ఆణిముత్యాలని తయారుచేసిన మహనీయులు అంటూ మొదలుపెట్టారు. అక్కకి ఒళ్లు మండింది. మాస్టారికి ఈ రోజు షీల్డు ఇస్తున్నారు. రెండు హాళ్ల మధ్య తెర సందులోంచి కనపడుతున్నాడు, ముందు వరసలో మెత్తటి కుర్చీలో, డెబ్భై దాటిన మనిషి, జబ్బలు మాత్రం ఇంకా వెడల్పుగానే ఉన్నాయి. ఆణిముత్యాలట. ఒక ముత్యం ఇక్కడ చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది, వచ్చి చూసుకోమనండి. ఇరవై ఆరేళ్లు. అప్పుడు అక్కకి పదిహేను, పై కడ్డీకి అప్పుడు తుప్పు ఉండేది, అరచేతుల్లో ఎర్రగా దిగేది, మాస్టారు కింద నిలబడి బొంగురుగా 'ఉన్నా' అనేవాడు, ఆ గొంతు వినగానే ఒంట్లో ఎముకలన్నీ వాటంతటవే సర్దుకునేవి. నాన్న 'ఉన్నా' అని ఎప్పుడూ అనలేదు, నాన్న ఉండేవాడే కాదు ఇంట్లో, అమ్మకి కుట్టుమిషన్ చప్పుడులో ఏమీ వినపడేది కాదు, లోకం మొత్తంలో ఆ మాట అన్నది ఆ బొంగురు గొంతు ఒక్కటే. ఒకరోజు సాయంత్రం 'ఉన్నా' వినపడింది, వదిలింది, ఎగిరింది, పట్టుకుంది, ఇంకో చుట్టు తిరిగి దిగింది, దిగి ఆయన కోసం చూస్తే ఆయన కింద లేడు. పదడుగుల అవతల, గోడ దగ్గర, చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. చూశావా, నేను లేకుండానే చేశావు అన్నాడు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లంటే అక్కకి అప్పట్నుంచే అసహ్యం.

చెయ్యిచ్చాడు. ఆ మాటకి ఎంత తలతిక్క అర్థమో. పట్టుకునేవాడు చెయ్యివ్వాలి, అది వాడి పని. చెయ్యిచ్చాడు అంటే మాత్రం మోసం చేశాడని. ఆ రాత్రి పక్క మీద పడుకుని ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది పదిహేనేళ్ల పిల్ల. నాలుగు నెలలు ఆయనతో మాట్లాడలేదు, తర్వాత హాలుకే రావడం మానేసింది, కోచ్‌గా మళ్లీ అడుగు పెట్టింది ఆయన రిటైరయ్యాకే. అబద్ధాలకోరు, దొంగ, పిల్లల మెడలతో పందెం కాసే మనిషి, గెలిస్తే గురువు, ఓడితే దురదృష్టం. అన్ని తిట్లూ అక్క దగ్గర వరసగా సర్ది ఉన్నాయి, ఇరవై ఆరేళ్లుగా తుడిచి తుడిచి మెరుపు తెచ్చినవి.

"ఎలా ఉన్నావమ్మా?"

తెర తొలగించుకుని ఆయనే వచ్చాడు, చంకలో షీల్డు పెట్టుకుని. అక్క లేవలేదు. ఇచ్చినవాళ్లకి బుద్ధి లేదు, పుచ్చుకున్నాయనకి సిగ్గు లేదు, అనుకుంది. ఆయన కుర్చీ కోసం అటూ ఇటూ చూసి, దొరక్క, అలాగే నిలబడ్డాడు.

"పొద్దున నీ పిల్ల ప్రాక్టీసు చూశాను. వదులు బాగుంది. కింద ఎవరు పట్టుకుంటున్నారు?"

"నేనే."

మాస్టారు అక్క మొహం చూశాడు, భుజం చూశాడు, ఒళ్లో చెయ్యి చూశాడు. ఆ చూపు అక్కకి తెలుసు, గుంపులో గెంతే ఇరవై మంది పిల్లల్లో ఎవరి మడమ నొప్పెడుతోందో నడక చూసి పట్టేసే చూపు అది.

"ఆ చేత్తోనా?" అన్నాడు.

డాక్టరుకి ఫిల్ము కావాల్సొచ్చింది, ఈ ముసలాయనకి ఒక్క చూపు. అక్క నోరు దానంతటదే తెరుచుకుంది. "మీరు రెండు చేతులూ ఉండి ఏం పట్టారు మాస్టారూ?"

"పట్టలేదు," అన్నాడాయన, వెంటనే, ఎప్పట్నుంచో ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు. "అప్పట్నుంచీ నిద్రలో చేతులు చాస్తున్నాను. దుప్పటి లాగేస్తున్నావని మా ఆవిడ తిడుతుంది. గోడవైపు పడుకోబెట్టింది నన్ను." షీల్డు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, వెళ్లిపోయాడు.

బాగా అయింది, అనుకుంది అక్క. గోడవైపే పడుకో, ఆ రోజు గోడ దగ్గరేగా నిలబడ్డావు. కానీ ఆ తిట్టు తిట్టినట్టే లేదు. మెరుపు తెచ్చిన తిట్లన్నీ ఒకదాని వెంట ఒకటి తీసి చూసింది, అబద్ధాలకోరు, దొంగ, పిల్లల మెడలతో పందెం, అన్నీ ఉన్నాయి, కానీ అవి వెళ్లి తగిలే చోటు మారిపోయింది. ఆయన ఒక్కసారి అన్నాడు. నువ్వు రోజుకి ముప్ఫై, మూడు నెలలు, లెక్క వెయ్యవే చూద్దాం. వెయ్యలేదు అక్క. లెక్క బదులు పోయిన గురువారం గుర్తొచ్చింది, వద్దంటున్నా గుర్తొచ్చింది, వారం రోజులుగా దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది, అదే ఇటు తిరిగింది. మిడత వేళ్లు కడ్డీని రాసుకుని జారాయి. వీపు కిందికి వస్తోంది, అక్క చూస్తూనే ఉంది, చెయ్యి లెమ్మంటే భుజం దగ్గర ఆగింది, అక్కడే ఆగిపోయింది, పిల్ల గాల్లోనే ఎలాగో మెలి తిరిగి పరుపు మీద జబ్బ మీద పడింది. బెత్తెడు తేడాలో మెడ తప్పించుకుంది. అప్పుడు అక్క ఏమంది? చూశావా, పట్టుకున్నానుగా అంది. పడ్డ పిల్లతో, తను చెయ్యే వెయ్యని పిల్లతో, ఆ మాట అంది. మిడత జబ్బ రుద్దుకుంటూ, అవునక్కా అంది. థూ. ఈ హాల్లో ఇంతమందిని ఇంతసేపు తిట్టుకుంది కదా, ఒక్కరికి కూడా ఇంత తిట్టు బాకీ లేదు, తనకి తప్ప. మాస్టారు కనీసం లేనని ఒప్పుకున్నాడు, నవ్వుతూనే అయినా.

చేతులెత్తేద్దామా అంటే అది కూడా ఒక్కచేత్తోనే కుదురుతుంది. నవ్వొచ్చింది అక్కకి, ఏడుపులాంటి నవ్వు. పదో నంబరు పిలిచారు.

లేచి వెళ్లి మిడత ముందు గొంతుక్కూచుంది. "ఏమే, ఇటు చూడు. నా కుడిచెయ్యి లేవదు. మూడు నెలలైంది. నువ్వు పడితే నేను పట్టలేను. గురువారం నేను నిన్ను పట్టలేదు."

మిడత పళ్లలోంచి తోలు కొస తీసింది. "తెలుసక్కా."

"ఏం తెలుసే?"

"మీరు జడ ఎడమచేత్తో వేసుకుంటున్నారుగా."

"తెలిసీ ఎలా వదులుతున్నావే? నీకు మెడ మీద ఆశ లేదా?"

మిడత కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచన కూడా కాళ్లతోనే, బొటనవేళ్లు చాపి ముడిచి. "పట్టుకుంటారని కాదక్కా. 'ఉ' అన్నప్పుడు కాళ్లు విసురుతాను, 'న్నా' అన్నప్పుడు చేతులు వదులుతాను. మీరు అనకపోతే నాకు టైము దొరకదు." ఆగి, ఇంకొంచెం గొంతు తగ్గించి అంది, "భయం మాత్రం వేస్తుంది. గురువారం నించి ఇంట్లో అన్నం సయించడం లేదు. మీతో చెప్తే మీరు మానిపించేస్తారని చెప్పలేదు."

ఇద్దరూ ఇద్దరే. ఒకళ్లని మించి ఒకళ్లు దొంగలు. అక్క ఆ పిల్ల ముక్కు మీది సుద్ద తుడిచింది, ఎడమచేత్తో. పదకొండో నంబరు పిలిచారు. లేచి, తొమ్మిదేళ్లుగా ఎప్పుడూ నడవని దారి నడిచింది, అటు మూలకి. ఇరవై అడుగులే, అయినా ప్రతి అడుగుకీ ఒక తిట్టు గొంతు దాకా వచ్చి వెనక్కి పోయింది. ఈలాయన ఈల ఊదబోతూ ఆగాడు.

"మా పిల్ల కడ్డీల మీద వదులు చేస్తుంది. నా భుజం పోయింది. మీరు నిలబడాలి."

దెప్పుతాడనుకుంది. ఇన్నాళ్లూ ఎందుకు దాచారంటాడు, పిల్లని మా గుంపులో వేస్తేనే అంటాడు, కనీసం ఈల నోట్లో పెట్టుకుని ఒక నవ్వు నవ్వుతాడు. ఆయన మెడలోంచి ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఎడమవైపు వస్తుందా, కుడివైపా మేడమ్, జారితే?" అన్నాడు. ఒక్క వెధవ మాట అన్నా బాగుండేది, అసహ్యించుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది.

పదమూడో నంబరు పిలిచారు. పక్క హాల్లో, కడ్డీల దగ్గర పరుపు మీద ఒక్క కోచ్‌నే రానిస్తారు. మిగతావాళ్లు తాడు ఇవతల. తాడు ఇవతల్నుంచి పిల్లతో మాట్లాడితే మార్కులు కోస్తారు, ఆ కోసే జడ్జి కళ్లజోడు తుడుచుకుంటూ సిద్ధంగా ఉంది, ఇంకేమీ చేతకాక జడ్జి అయిన మనిషి. కొయ్యవే తల్లీ, కోసుకో, అనుకుంది అక్క. మిడత చేతులెత్తి జడ్జీలకి చూపించి, కింది కడ్డీ పట్టుకుంది, పైదానికి మారింది, తిరగడం మొదలుపెట్టింది. కాళ్లు సూటిగా, వేళ్లు సూటిగా, ఇది నేను చేసిన పిల్ల, చూడండి వెధవల్లారా, ఆ ఫోన్లు దించి చూడండి. ఒక చుట్టు. రెండో చుట్టు. ఈలాయన కింద నిలబడ్డాడు, కానీ చేతులు నడుం దగ్గరే ఉన్నాయి, ఎత్తడేం, ఎప్పుడెత్తుతాడు, నిద్రపోతున్నాడా, మూడో చుట్టు, ఆయన చేతులు లేచాయి, హమ్మయ్య లేచాయి, అప్పుడు అంది అక్క. "ఉన్నా!"

రెప్పపాటు ఆలస్యం. అంటున్నప్పుడే తెలిసింది. మిడత కాళ్లు విసిరేసింది, చేతులు మాత్రం ఆ 'న్నా' కోసం ఆగి, అది వచ్చేసరికి వదిలాయి, కడ్డీ వేలిగోటికి తగిలి తప్పింది. వీపు తిరగబడింది, తల కిందికి వచ్చింది, హాలంతా ఒక్క గొంతుతో కెవ్వుమంది. ఈలాయన రెండు చేతులూ వీపు కిందికి వెళ్లాయి, తిప్పాయి, పిల్ల పరుపు మీద పాదాలతో దిగింది. అంతే, అంత మామూలుగా. అదే అక్క నిలబడి ఉంటే. ఆ వాక్యం అక్క పూర్తి చెయ్యలేదు. ముందు వరసలో మాస్టారు లేచి నిలబడి రెండు చేతులూ గాల్లోకి చాపి ఉన్నాడు, షీల్డు కాళ్ల దగ్గర నేల మీద పడి ఉంది. ఇరవై ఆరేళ్లు ఆలస్యం ముసలాయనకి. తనకి రెప్పపాటు. మూడు నెలలు చెయ్యి లేకుండా ఆడిన అబద్ధం ఒక్కసారి కూడా టైము తప్పలేదు, ఇవాళ కింద నిజంగా చేతులుంటే మాట తప్పింది, ఎందుకంటే పిల్లని చూడాల్సిన కళ్లు ఆ చేతుల మీద అపనమ్మకంతో ఉన్నాయి. ఎవర్నీ లెక్కచెయ్యని మనిషికి లెక్క తప్పింది.

పడ్డవాళ్లకి మళ్లీ ఎక్కడానికి అర నిమిషం ఇస్తారు. మిడత సుద్ద గిన్నె దగ్గరికి, అంటే తాడు దగ్గరికి, వచ్చింది. జడ్జి పెన్ను పట్టుకుని చూస్తోంది.

"లేటుగా అన్నారక్కా," అంది మిడత.

"అవునే. నాదే తప్పు. వద్దులే, మానెయ్. వదులు లేకుండా దిగిపో. జట్టు పోతే పోయింది, నీకు దెబ్బ తగిలితే నేను బతకలేను."

మిడత అరచేతులు రెండూ చరిచింది, సుద్ద పొడి ఇద్దరి మొహాల మీదా లేచింది. "ఆయన పట్టుకున్నాడుగా అక్కా. ఇప్పుడు భయం లేదు. మీరు టైముకి అనండి చాలు."

వెళ్లి కడ్డీ ఎక్కింది. ఒక చుట్టు. రెండో చుట్టు. కింద ఈలాయన చేతులు ఎక్కడున్నాయో అక్క చూడలేదు. ఆయన ఉన్నాడు, ఉంటాడు, అది ఆయన పని. మూడో చుట్టులో మిడత మోకాళ్లు కడ్డీకి ఎదురుగా వచ్చాయి, అక్క ఆ కాళ్లనే చూస్తూ, ఇరవై ఆరేళ్ల కిందటి బొంగురు గొంతుతో, హాలంతా వినపడేలా అంది. జడ్జి పెన్ను కదిలింది. రెండు అరచేతుల కింద కడ్డీ ఠంగున మోగింది.